చలిలో, ముసురులో బుల్లి ప్లాస్టిక్ మోడల్‌కి రంగు వేసే ముందు

ముందు చూడాల్సింది గాలిలో తేమ. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి బల్ల మీద ఉంచుకోండి. తేమ 65 శాతం దాటితే నేను స్ప్రే జోలికి పోను, మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని పైపూత) అయితే అసలే పోను. స్ప్రేలోని థిన్నర్ (రంగును పలచన చేసే ద్రవం) ఆవిరవుతూ మోడల్ పైభాగాన్ని చల్లబరుస్తుంది. గాలిలోని చెమ్మ అక్కడే నీరై రంగులో చిక్కుకుపోతుంది. ముదురాకుపచ్చ బొమ్మ యుద్ధ ట్యాంకు మీద పాలు ఒలికినట్టు తెల్లటి పొర! రెండు వారాల పని అలా పోయాకే నాకు బుద్ధొచ్చింది.

• మోడల్, రంగు, స్ప్రే డబ్బా మూడూ గది వేడికి రావాలి. 18 నుంచి 25 డిగ్రీలైతే హాయి. చల్లటి చోటి నుంచి తెచ్చిన మోడల్‌ని గంటసేపు ముట్టుకోకండి, దాని మీద పట్టిన చెమ్మ కంటికి ఆనదు.

• డబ్బా చల్లబడితే లోపల ప్రెషర్ తగ్గి, రంగు ఉమ్మినట్టు చుక్కలుగా పడుతుంది. గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు నిలబెట్టి, తడి తుడిచి, బాగా ఊపండి. స్టవ్ మీద, మరిగే నీళ్లలో మాత్రం పెట్టొద్దు, పేలుతుంది.

• ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్ను) ఉంటే కంప్రెసర్ వాటర్ ట్రాప్, అంటే గాలిలోని నీటిని పట్టే గిన్నె, ఖాళీ చేయండి.

• చలేస్తోందని కిటికీలన్నీ బిగించకండి. మంట ఉండే హీటర్ ఆర్పేయండి.

• ఎనామిల్ (నూనె రకం రంగు) ఆరడానికి మామూలు కంటే ఎక్కువ టైమ్ పడుతుంది. వేలితో కాదు, ముక్కుతో చూడండి: వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదు.

• మొదటి స్ప్రే పాత ప్లాస్టిక్ చెంచా మీద. అది తెల్లబడిందా, ఆ పూటకి రంగు మానేసి మోడల్ అతుకులు గీకి నున్నగా చేసుకోండి.