కంప్యూటర్ తీర్పును తూచడం – 4వ పాఠం: ముద్ర ఎవరి మీద పడింది?

పోయిన పాఠంలో నాలుగు గళ్ల పట్టిక గీయడం నేర్చుకున్నాం: కంప్యూటర్ ముద్ర వేసిందా లేదా, అది చెప్పింది నిజంగా జరిగిందా లేదా. ఈసారి దాంతో లెక్క వేద్దాం. కాగితం, పెన్ను చాలు.

బెయిలు మీద బయటికొచ్చినవాడు వాయిదాకు వస్తాడా, ఎగ్గొడతాడా అని ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ కర్నూలు కోర్టులో ఉందనుకోండి. (నిజంగా ఉందని కాదు, లెక్క కోసమే.) టౌన్‌లో సొంతిల్లు ఉన్నవాళ్లు 100 మంది, కోసిగి వైపు నుంచి మిరపకోతలకు గుంటూరు వలసపోయేవాళ్లు 100 మంది. సాఫ్ట్‌వేర్ ఏం చెప్పినా అందరినీ వదిలి చూశాం.

టౌన్‌లో 20 మంది ఎగ్గొడతారంది. వాళ్లలో 12 మంది రాలేదు. వలసవాళ్లలో 45 మంది అంది. 27 మంది రాలేదు. రెండుచోట్లా నూటికి 60 నిజమైంది. అమ్మినవాడు ఇదే చూపించి మాకందరూ సమానమే అంటాడు. అబద్ధమేమీ కాదు.

ఇప్పుడు బుద్ధిగా వాయిదాకు వచ్చినవాళ్లనే లెక్కలోకి తీసుకోండి. టౌన్‌లో వచ్చినవాళ్లు 80 మంది, వాళ్లలో ఎగవేత ముద్ర పడింది 8 మందికి. అంటే నూటికి 10. వలసవాళ్లలో వచ్చింది 60, ముద్ర పడింది 18 మందికి. నూటికి 30! ఆ ముద్ర చూసి బెయిలు ఆపి ఉంటే, ఏ తప్పూ చేయకుండా లోపలుండేది ఎక్కువగా ఎవరో తెలిసిపోయింది కదా.

అమెరికాలో గొడవ సరిగ్గా ఇదే. 2016లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ విలేఖరులు ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీలో నిందితుడు మళ్లీ నేరం చేస్తాడా అని అంచనా వేసే కంపాస్ అనే సాఫ్ట్‌వేర్ స్కోర్లను రెండో పద్ధతిలో పరిశీలించారు. మళ్లీ నేరం చేయని నల్లవారిలో దాదాపు 45 శాతానికి, తెల్లవారిలో 23 శాతానికి ప్రమాదకరమనే ముద్ర పడింది. తయారుచేసిన కంపెనీ మొదటి పద్ధతి లెక్క చూపించి వాదించింది. ఎగవేత శాతమే రెండు గుంపుల్లో వేరుగా ఉన్నప్పుడు, సాఫ్ట్‌వేర్ తప్పులు చేసేదైతే ఈ రెండు లెక్కలూ, నిజంగా ఎగ్గొట్టినవాళ్లలో ముద్ర పడినవాళ్ల శాతమూ, మూడూ ఒకేసారి సమం కావు. ఏది సమంగా ఉండాలో తేల్చాల్సింది జడ్జీలు, మనుషులు. ప్రోగ్రామర్‌కు వదిలేసే పని కాదని నా అభిప్రాయం.

అసలు ‘రాలేదు’ అనే గడినే నమ్మొచ్చా? ఇంటిల్లిపాదీ గుంటూరులో ఉంటే సమన్లు ఇక్కడ తాళం వేసిన తలుపుకు అంటించి పోతారు. కంప్యూటర్‌కు అదీ ఎగవేతే.

ఇంటిపని: వలసవాళ్లలో ముద్ర పడి రాని 27 మందిలో 7 మందికి సమన్లే చేరలేదని తేలింది. వాళ్లను ‘వచ్చినవాళ్ల’ గడిలోకి మార్చి, రెండు లెక్కలూ మళ్లీ వేయండి. జవాబు 5వ పాఠంలో.