బుట్టలో పడిందల్లా కత్తెర పురుగు కాదు: రెక్కల పురుగుల గుర్తింపు, విస్తరణ పటం

మొక్కజొన్నలో కత్తెర పురుగు (స్పోడోప్టెరా ఫ్రుజిపెర్డా) కోసం పెట్టిన లింగాకర్షక బుట్టలో (ఆడపురుగు వాసన ఎరతో మగవాటిని పట్టే బుట్ట) వేరే జాతులూ పడతాయి. ఎక్కువ తికమక పెట్టేది మిథిమ్నా లోరేయి అనే మరో రెక్కల పురుగు. కత్తెర పురుగు ఎరలో ఉండే జెడ్-9-టెట్రాడెసెనైల్ ఎసిటేట్, జెడ్-7-డోడెసెనైల్ ఎసిటేట్ రెండూ లోరేయి ఆడపురుగు వాసనలోనూ ఉన్నాయి. అందుకే దాని మగవీ వచ్చి పడతాయి. ఏ జాతో విప్పి చూడకుండా సంఖ్య రాస్తే, పురుగు ఎక్కడెక్కడ ఉందో చూపే పటం అక్కడే తప్పిపోతుంది.

జిగురు అట్టలు వద్దు, రెక్కల మీది పొలుసులన్నీ ఊడిపోతాయి. గరాటు బుట్ట వాడి రోజూ పొద్దున్నే ఖాళీ చేయండి. ఒక జాతి ఎర పట్టుకున్న చేతి తొడుగుతో ఇంకో జాతి ఎరను ముట్టుకోవద్దు. ఆ వాసన అంటుకుంటే రెండు బుట్టల లెక్కా పనికిరాదు. పట్టిన పురుగుల్ని ఒక రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచితే చెక్కుచెదరకుండా చనిపోతాయి.

ఇక రెక్కలు. కత్తెర పురుగు మగదానికి ముందు రెక్క చివర తెల్లని ముక్కోణపు మచ్చ, మధ్యలో గడ్డి రంగులో ఏటవాలు మచ్చ ఉంటాయి. వెనుక రెక్క తెలుపు, అంచున సన్నటి ముదురు గీత. పొగాకు లద్దె పురుగు (స్పోడోప్టెరా లిట్యూరా) ముందు రెక్క మీద లేత గీతలు వల అల్లినట్టు ఒకదాన్నొకటి దాటుతాయి. శనగ రైతులు పచ్చ రబ్బరు పురుగు అనే స్పోడోప్టెరా ఎగ్జిగువా వీటికంటే చిన్నది, రెక్కలు చాపితే 25-30 మి.మీ.; ముందు రెక్క మధ్యలో నారింజ ఛాయ గుండ్రని మచ్చ. లోరేయి లేత గడ్డి రంగులో ఉంటుంది, ముందు రెక్క మధ్యలో చిన్న తెల్లని చుక్క.

దీపపు ఎరకు వచ్చే ఆడ కత్తెర పురుగుల రెక్కలు దాదాపు ఒకే బూడిద గోధుమ రంగులో ఉంటాయి. వాటికి రెక్కలు చూసి పేరు పెట్టొద్దు. ఒక కాలు 96 శాతం ఇథనాల్‌లో వేసి డీఎన్‌ఏ పరీక్షకు ఉంచండి.

అరిగిపోయిన మగదైతే పొట్ట విరిచి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో రాత్రంతా నానబెట్టండి (చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి). నీళ్లలో కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లో సన్నని కుంచెతో పొలుసులు తీసి, జననాంగాల పట్టు రేకుల్ని (జతకట్టేటప్పుడు ఆడదాన్ని పట్టుకునే భాగాలు) సూక్ష్మదర్శినిలో చూడండి. కత్తెర పురుగుకు అవి వెడల్పుగా, దాదాపు చతురస్రంగా ఉంటాయి. ఇంత శ్రమ ప్రతి పురుగుకూ అక్కర్లేదు. కొత్త మండలంలో మొదట దొరికిన దానికి మాత్రం తప్పక చేయాలి.

కత్తెర పురుగు లద్దె పురుగు, అంటే గొంగళి దశ, దొరికితే పని సులువు. తలపై తిరగేసిన వై ఆకారం ఒక్కటే చూసి నమ్మకండి, అది ఇతర జాతుల్లోనూ లీలగా కనిపిస్తుంది. పొట్ట ఎనిమిదో ఖండం మీద నాలుగు నల్ల చుక్కలు చతురస్రంగా ఉన్నాయో లేదో చూడండి.

నమోదులో తేదీ, పంట, ఎర రకం, సంఖ్య, అక్షాంశ రేఖాంశాలు నాలుగు దశాంశాల వరకు రాయండి. అది సుమారు 11 మీటర్ల ఖచ్చితత్వం. వరుస మారనివ్వొద్దు: అక్షాంశం 17, రేఖాంశం 79 తారుమారైతే తెలంగాణ చుక్క ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ మీద పడుతుంది. బుట్ట పెట్టినా ఏమీ పడని రోజు సున్నా రాయండి. ఖాళీ వదిలితే వెతకలేదనే అర్థం వస్తుంది.

పాత నమోదుల్లో జిల్లా పేరు పెద్ద చిక్కు. 2016కు ముందు కరీంనగర్ అంటే నేటి జగిత్యాల, పెద్దపల్లి కూడా. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఊరి పేరు మాత్రమే ఉంటే చుక్క బదులు ఆ ఊరి చుట్టూ వృత్తం గీయండి. కత్తెర పురుగు మన దేశంలో మొదట బయటపడింది 2018లో, కర్ణాటకలో. అంతకు ముందు తేదీతో కనిపిస్తే నమూనా తెప్పించి చూసేదాకా పటంలో పెట్టకండి. పాత ఆఫ్రికా రచనల్లో ప్రొడీనియా లిట్యూరా అని ఉన్నది ఇప్పటి లెక్కలో స్పోడోప్టెరా లిట్టోరాలిస్ అనే వేరే జాతి, మన లిట్యూరా కాదు.

గుర్తులు మూడు చాలు: లద్దె పురుగు దొరికిన చోట నిండు చుక్క, రెక్కల పురుగు మాత్రమే పడితే బోలు చుక్క, సున్నాకు అడ్డగీత. రెక్కల పురుగులు గాలివాటున రాత్రికి రాత్రే పదుల కిలోమీటర్లు దాటగలవు. కాబట్టి బోలు చుక్క చూసి ఆ చేలో పురుగు గుడ్లు పెట్టి పెరుగుతోందని రాయకూడదు.