సినిమాలో తిరిగిన పాత పడవ: ఏం చెడింది, ఎలా బాగుచేయాలి, ఎంతకు కొనాలి

హైదరాబాద్ కృష్ణానగర్ వైపు సినిమా సామాను అద్దెకిచ్చే ఒక గోడౌన్‌లో, విరిగిన సింహాసనం పక్కన బోర్లించి ఉంది నేను కొన్న పడవ. గోదావరి నాటు పడవ, పద్దెనిమిది అడుగులు. "హీరోయిన్ ఎక్కిన పడవ సార్ ఇది" అన్నాడు అమ్మినాయన. షూటింగ్ అయ్యాక కొన్నేళ్లు ఎండలోనే పడి ఉందని మాత్రం అనలేదు. ఇలాంటిది తెచ్చుకుని తల పట్టుకున్నవాళ్లు మీకు కనబడే లక్షణం దగ్గరికి నేరుగా వెళ్లండి. ఒక్క మాట ముందే చెబుతాను: రంగు గీకకండి. ఎందుకో ధర దగ్గర తెలుస్తుంది.

లక్షణం: నీళ్లలో దించగానే జల్లెడలా కారుతోంది

పడవ చెడిపోయిందని కంగారు పడొద్దు. గోదావరి గాలికి అలవాటైన చెక్క హైదరాబాద్ ఎండాకాలానికి ఎండి కుంచించుకుపోయింది, అంతే. పలకల మధ్య అగ్గిపుల్ల దూరేంత సందులు పడతాయి. అసలు నష్టం ఆ తర్వాత మనం చేసే పనితో వస్తుంది. నేను ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే రాయిలా గట్టిపడే జిగురు) ముద్ద కలిపి ప్రతి సందునూ గట్టిగా నింపేశాను. చూడ్డానికి భలే ఉంది. నీళ్లలో పెట్టిన పది రోజులకు పలకలు ఉబ్బాయి, ఉబ్బడానికి చోటు లేదు, లోపలి చట్రంలో రెండు కర్రలు పగిలాయి. తాళ్లరేవు వైపు పడవలు కట్టిన ఒక పెద్దాయన వచ్చి చూసి, "చెక్కని ముందు నీళ్లు తాగనివ్వాలి బాబూ. దాహం తీరాక ఏ సందు మిగిలిందో అదే చూపిస్తుందండి" అన్నారు.

చేయాల్సిన పని ఇది. పడవను నీడలోకి చేర్చండి. లోపల గోనె సంచులు పరిచి పొద్దునా సాయంత్రం తడపండి, పది రోజుల పాటు. ఆ తర్వాత లోపల రెండంగుళాల నీళ్లు పోసి ఉంచండి. ఉత్సాహం కొద్దీ ఆరంగుళాలు పోయకండి. నాలుగడుగుల వెడల్పున్న ఇంత పడవలో అది వందల కిలోల బరువు, అడుగు పలకలు ఊడతాయి. జూలై, ఆగస్టుల్లో మొదలుపెడితే సగం పని వానాకాలమే చేసిపెడుతుంది.

అప్పటికీ కారే చోట్ల సుద్దతో గుర్తు పెట్టి, ఆ సందుల్లో మాత్రమే పత్తి దట్టించాలి. గుగ్గిలం పొడిని నూనెలో కాచి, పత్తిని పురికొసలా పేని అందులో ముంచి, మొండి ఉలితో లోపలికి నెట్టాలి. సందు లోతులో మూడింట రెండొంతులు చాలు, పైన కాస్త ఖాళీ ఉండాలి. ధూపానికి అమ్మే గుగ్గిలం బేగంబజార్‌లో అడగండి. గుగ్గులు అని ఇంకొకటి ఇస్తారు, అది వేరు. కాచడం మాత్రం ఆరుబయట, సన్న సెగ మీద. నూనె, గుగ్గిలం రెండూ ఇట్టే అంటుకుంటాయి.

లక్షణం: మేకుల చుట్టూ నల్లటి మరక, స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోతోంది

ఇనుప మేకు తుప్పు పడితే దాని చుట్టూ ఉన్న చెక్క నార కూడా చచ్చిపోతుంది. అదే కంతలో ఇంకా పెద్ద మేకు కొట్టడం అందరూ చేసే తప్పు. పాత మేకు లాగేసి, మెత్తబడిన చెక్కంతా గట్టి చెక్క తగిలేదాకా తొలిచి, అదే జాతి చెక్కతో బిరడా చేసి ఎపాక్సీతో అతికించండి. పడవ టేకుదైతే, అందులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు అసిటోన్‌తో తుడవకపోతే పట్టు దొరకదు. కొత్త మేకు కాస్త పక్కకు జరిపి కొట్టండి. రాగి అయినా, గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన ఇనుము) అయినా పర్లేదు, రాణిగంజ్‌లో రెండూ దొరుకుతాయి. కానీ రెండూ కలపొద్దు, పాత ఇనుప మేకులు మిగిలిన చోట రాగి వద్దు. తడిలో రాగి పక్కన ఇనుము ఉంటే ఇనుమే ముందు తినేసుకుంటుంది.

లక్షణం: కింద పిండిలా పొడి రాలుతోంది

గుండుసూది తల అంత కంతలు, మెత్తటి పొడి ఉంటే పుప్పి పురుగు. మట్టి గీతలు ఉంటే చెద. పుప్పి చేవ (లోపలి గట్టి భాగం) ఉన్న టేకు జోలికి మామూలుగా పోదు. కాబట్టి టేకు పడవలో పుప్పి కనిపించిన పలక ఎవరో తర్వాత వేసిన చవక చెక్కో, టేకులోనే చేవ లేని పైభాగమో అయి ఉంటుంది. బేరం ఆడేటప్పుడు ఇది పనికొస్తుంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ వేడినీళ్లలో కలిపి రెండు మూడు సార్లు పట్టించండి. నీళ్లకు కడుక్కుపోయే మందు ఇది, ఆరాక పైన నూనె పూత తప్పదు. చెదకైతే మందు కంటే ముందు పడవను నేల మీద నుంచి లేపండి.

లక్షణం: తట్టితే డొల్లగా మోగుతోంది

అయితే అది పడవే కాదు, సెట్టు. ఇనుప చట్రం మీద ప్లైవుడ్, దాని మీద ఫైబర్ లేదా ప్లాస్టర్. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర ఉంటే మెరైన్ ప్లై, ఆశ ఉంది. ఐఎస్ 303 అయితే నీళ్లలో పెట్టే ఆలోచన మానుకుని కేఫ్ ముందు అలంకారానికి వాడుకోండి.

లక్షణం: నడుం వంగింది

రెండు ఇటుక దిమ్మెల మీద ఏళ్ల తరబడి ఆనించి ఉంచితే అణియం (ముందు కొస), అమరం (వెనక కొస) కిందికి వేలాడి నడుం పైకి లేస్తుంది. లేదా క్రేన్‌తో ఎత్తేటప్పుడు సన్నటి తాడు వేసి ఉంటారు. (మా కాలనీలో "రేపు హైడ్రా వస్తోంది" అని చెప్పగానే ఇద్దరు ముగ్గురు ఇంటి కాగితాలు వెతుక్కున్నారు. వాళ్లనుకున్నది చెరువు ఆక్రమణలు కూల్చే సంస్థ, నేను చెప్పింది హైడ్రా క్రేన్ గురించి.) వెడల్పు బెల్టులు వేయించండి. దింపాక మూడడుగులకో ఆసరా పెట్టి, తడిపిన చెక్కను జాకీతో వారానికి కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే సరిచేయాలి. ఒక్క రోజులో సరిచేస్తానన్న మేస్త్రీని పంపేయండి.

లక్షణం: అమ్మేవాడు చెప్పే ధరకూ పడవకూ పొంతన లేదు

మూడు ధరలు ఒకదానిలో కలిపేయడం వల్ల వచ్చే చిక్కు ఇది. విడదీయండి.

మొదటిది చెక్క ధర. అడుగుల్లో పొడవు, అంగుళాల్లో వెడల్పు, మందం గుణించి 144తో భాగిస్తే సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) వస్తుంది. పదడుగుల పొడవు, ఎనిమిదంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక దాదాపు 0.56 సీఎఫ్‌టీ. పుచ్చిన భాగం తీసేసి, మిగిలినదానికి బోయిగూడ టింబర్ డిపోల్లో పాత చెక్క రేటు కనుక్కోండి. మీ బేరం అక్కడ మొదలవ్వాలి. రెండోది పడవగా ధర: బాగైన పడవ వెల లోంచి మరమ్మతు ఖర్చు, లారీ, క్రేన్ తీసేయాలి. చాలాసార్లు ఇక్కడ సున్నా కంటే కిందికే పోతుంది.

మూడోది కథ ధర. నోటి మాటకు ఒక్క రూపాయి ఇవ్వకండి. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ బిల్లు, లొకేషన్ స్టిల్స్, కంటిన్యుటీ ఫోటోలు (షాట్‌కూ షాట్‌కూ తేడా రాకుండా సెట్‌లో తీసుకునేవి) అడగండి. అవేవీ లేకపోతే సినిమా పెట్టి ఫ్రేమ్ ఆపి చూడండి. చెక్కలో ముడులు, అంచు మీద సొట్ట, మేకుల వరస వేలిముద్రల్లాంటివి, రెండు పడవల్లో ఒకేలా ఉండవు. ఒకే పడవకు రెండు మూడు నకళ్లు చేయించడం ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కు మామూలే: దగ్గర షాట్లకు ఒకటి, ముంచడానికి ఒకటి. మీ చేతికొచ్చింది ముంచినదైనా కావచ్చు. నా పడవలో అమరం దగ్గరున్న పగులు తెరమీద దొరకడానికి నాలుగు రాత్రులు పట్టింది. హీరోయిన్ మాత్రం దీన్ని ఎక్కలేదు, వెనకాల వెళ్లే పడవ ఇది.

సెట్‌లో పాతగా కనిపించడానికి వేసిన ఆ రంగు కూడా సాక్ష్యమే. అందుకే గీకొద్దన్నాను. పైగా ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్‌లోనే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రంగులో సీసం ఉండొచ్చు. తప్పనిసరైన చోట తడిపి, మాస్క్ పెట్టుకుని రుద్దండి.

పాడైన భాగాలు మార్చడం మాత్రం తప్పు కాదు. ‘ఆఫ్రికన్ క్వీన్’ 1912లో ఇంగ్లండ్‌లో కట్టిన ఆవిరి పడవ, 1951 నాటి సినిమాలో కనిపించింది. 2012లో పాడైన ఉక్కు రేకులు, బాయిలర్ మార్చాక ఫ్లోరిడాలోని కీ లార్గోలో మళ్లీ జనాన్ని ఎక్కించుకుంది. మీరు మార్చిన ప్రతి పలకకూ ముందు ఫోటో, తర్వాత ఫోటో, తారీఖు రాసి పెట్టండి. తీసేసిన పలకలు పారేయకండి.

లక్షణం: ఇంజిన్ పెడదామని బావమరిది ఒత్తిడి

ఇంజిన్ పెడితే 2021 అంతర్దేశీయ నౌకల చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్ వచ్చి పడతాయి. తెడ్డుతో సరిపెట్టుకోండి. సొంత కుంట కాని ఏ చెరువులో దించాలన్నా ముందు అనుమతి తీసుకోండి.

లక్షణం: అంతా అయ్యాక కూడా అడుగున నీళ్లు

చెక్క పడవ పొద్దునకల్లా చెంబెడు నీళ్లు పట్టడం జబ్బు కాదు, తోడిపోస్తే సరి. బకెట్ దాటితే మాత్రం మళ్లీ గోనె సంచుల దగ్గర మొదలుపెట్టండి.