చామంతికి మొగ్గ రాకపోతే ముందు లైటు చూడండి

విశాఖలో చామంతి కార్తీకానికల్లా మొగ్గ తొడగాలి. మా బాల్కనీలో మొక్కలు ఏపుగానే ఉన్నాయి, మొగ్గ మాత్రం సున్నా. ఎరువు చాలలేదేమోనని బోన్‌మీల్ వేశాను, ఏమీ మారలేదు. అసలు దొంగ కుండీల పైనున్న ఎల్‌ఈడీ బల్బు! రాత్రి 11 దాకా నేను క్రాస్‌స్టిచ్ ఎంబ్రాయిడరీ కుట్టేది దాని కిందే. చామంతికి పొడవైన, తెగని చీకటి కావాలి. మధ్యలో వెలుగు పడితే ఇంకా వేసవే అనుకుని ఆకులే వేస్తుంది.

అక్టోబరు మొదట్లో కుట్టుపని లోపలి గదికి మార్చాను. కుట్టడానికి అక్కడి టేబుల్ లైటు చాలు. వీధిదీపాన్ని మాత్రం ఆర్పలేం కదా. కుండీల చుట్టూ కర్రలు పాతి, సాయంత్రం 6 నుంచి ఉదయం 6 దాకా రెండు పొరల నల్ల నూలుగుడ్డ కప్పాను. ప్లాస్టిక్ పట్టా వద్దు. ఈ సముద్రపు గాలికి లోపల చెమ్మ పట్టి ఆకుమచ్చ వస్తుంది. గుడ్డ ఆకులకు తగలకూడదు.

మూడు వారాలకు కొసల్లో మిరియపు గింజంత మొగ్గలు కనిపించాయి. వాటికి రంగు తిరిగాక కప్పడం మానేయొచ్చు. మొగ్గ తొడిగే ఈ రోజుల్లో కొసలు తుంచకండి, ఆ పని ఆగస్టుతోనే సరి.