స్టిక్కర్లు, బ్యాడ్జీలు, బట్టల మీది ముద్రలు: కింది భాగం చెడకుండా తీసే పద్ధతి

తిరుపతిలో పాత కారు కొన్నవారికి మొదట ఎదురయ్యే పని, మునుపటి యజమాని అంటించిన పేర్లను, గుర్తులను తొలగించడం. ఏళ్ల తరబడి రాయలసీమ ఎండకు కాగిన స్టిక్కరు పెళుసుబారి ముక్కలు ముక్కలుగా విరుగుతుంది కనుక, విసిగిపోయి చాలామంది బ్లేడు అందుకుంటారు. స్టిక్కరు పోతుంది, దానితో పాటు పెయింటూ పోతుంది. అంటించినది ఏమిటన్న దానికన్నా అది దేని మీద ఉందన్నదే ముందుగా చూడాలి. సాధారణంగా ముందు వేడి, తరువాత దారం, చివరికి మాత్రమే ద్రవం అన్న వరుస పాటించడం మేలు.

కారు పెయింటు మీద పని చేసేటప్పుడు బండిని ఉదయం పూట నీడలో ఉంచి, చుట్టూ ఉన్న దుమ్మును సబ్బునీళ్లతో కడగాలి, లేకపోతే ఆ ఇసుక రేణువులే గీతలు పెడతాయి. హెయిర్ డ్రయ్యరును జానెడు దూరంలో కదుపుతూ, చెయ్యి ఓర్చుకోగలిగేంత వేడి మాత్రమే ఇచ్చి, ఒక మూలను గోటితో లేపి, పైకి లాగకుండా దాదాపు మడత పెట్టినట్టు వెనక్కి నెమ్మదిగా లాగాలి. మిగిలిన జిగురు మీద కొబ్బరినూనె రాసి కాసేపు నాననిస్తే చాలావరకు మెత్తబడుతుంది. మొండి జిగురుకు నీలగిరి తైలం పనిచేస్తుంది గానీ, దానిని ముందుగా కంటికి కనపడని చోట పరీక్షించి, పని కాగానే సబ్బునీళ్లతో కడిగేయాలి.

కంపెనీ పేరున్న బ్యాడ్జీలను స్క్రూడ్రైవరుతో ఎప్పుడూ ఎత్తకూడదు. వేడి చేశాక పళ్ల సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్ గానీ, చేపల గాలానికి కట్టే నైలాన్ దారం గానీ బ్యాడ్జీ వెనుకకు దూర్చి రంపంలా అటూ ఇటూ లాగితే స్పాంజి టేపు తెగిపోతుంది. కొన్ని బ్యాడ్జీలకు వెనుక చిన్న పిన్నులు ఉంటాయి, దారం ఒకచోట ఆగిపోతే బలవంతం చేయకూడదు. అటువంటి బ్యాడ్జీ తీస్తే రేకులో రంధ్రాలు బయటపడి నీరు చేరుతుంది. అన్నీ సరిగా చేసినా, ఎండ తగలని ఆ చోట పాత రంగు ముదురుగా కనిపించవచ్చు. పాలిష్ పడితే ఆ తేడా కొంత తగ్గుతుంది, పూర్తిగా పోతుందని ఆశపడనక్కరలేదు.

వెనుక అద్దం మీది నామాల స్టిక్కరు బయటివైపు ఉంటే సబ్బునీళ్లతో తడిపి బ్లేడును ఏటవాలుగా పట్టి తీయవచ్చు. లోపలివైపు ఉంటే మాత్రం బ్లేడు వద్దు, ఎందుకంటే అక్కడి సన్నని అడ్డగీతలు మంచు తొలగించే హీటరు తీగలు; ఒకటి తెగినా ఆ గీత పనిచేయదు. తీసిన నామాలను చెత్తలో వేయడానికి మనసొప్పనివారు వాటిని కాగితంలో చుట్టి విడిగా ఉంచుకుంటారు, అది సబబే. ముందు అద్దం మీది ఫాస్టాగ్‌ను మాత్రం ఊరికే తీయకండి. తీస్తే పాడై మళ్లీ పనికిరాకుండా ఉండేలా దానిని తయారుచేస్తారు. అలిపిరి దాటి కొండకు వెళ్లే వాహనాలకు 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది కనుక, పాత యజమాని ఖాతా మూయించి, కొత్తది చేతికి వచ్చాకే పాతది తీయాలి.

బైకు ట్యాంకు మీది డిజైన్లు చాలావాటిలో పైపూత కింద ఉంటాయి. గోటికి అంచు తగలకపోతే అవి ఊడేవి కావు, మళ్లీ పెయింటు వేయిస్తేనే పోతాయి. మెకానిక్కులు పెట్రోలు గుడ్డతో తుడవడం మనం చూస్తూనే ఉంటాం, కానీ నిప్పు ప్రమాదం అటుంచి, హెల్మెట్ మీద పెట్రోలు, థిన్నరు వాడితే ప్లాస్టిక్ పైకి తెలియకుండా బలహీనపడుతుంది. హెల్మెట్‌కు గోరువెచ్చని సబ్బునీరే చాలు.

ల్యాప్‌టాప్, ఫోను విషయంలో పరికరాన్ని ఆపి, ఛార్జరు తీసేయాలి. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది కనుక ఎక్కువ వేడి పనికిరాదు. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలును గుడ్డకు అద్ది తుడవాలే గానీ, పరికరం మీద చల్లకూడదు. నెయిల్ పాలిష్ రిమూవరులోని అసిటోన్ చాలా రకాల ప్లాస్టిక్‌లను కరిగిస్తుంది, ఫోను తెర పైపూతను పాడుచేస్తుంది. సీరియల్ నంబరు, వారంటీ లేబుళ్లను అలాగే ఉంచండి.

బట్టల మీద వేలితో తడిమితే పలుచని పొరలా అంచు తగిలే ముద్ర మాత్రమే ఊడుతుంది. దారంలో ఇంకిన ఇంకు ఊడదు. శ్రీకాళహస్తి కలంకారీ వంటివి సహజ రంగులతో తయారైనవి, వాటి మీద ఏ ద్రవమూ ప్రయోగించకూడదు. కాటన్ టీషర్టును తిరగేసి, ముద్ర కింద బటర్ పేపరు పరచి, వెనుక నుంచి ఇస్త్రీ పెట్టెతో వేడి చేసి, వెచ్చగా ఉండగానే పట్టకారుతో అంచు పట్టి లాగాలి. పాలిస్టర్ జెర్సీకి తక్కువ వేడి చాలు, లేకపోతే బట్టే ముడుచుకుపోతుంది. మిగిలిన జిగురుకు లోపలివైపు నుంచి ఆల్కహాలు అద్ది, కింద తెల్లగుడ్డ పెట్టి ఒత్తాలి. ఆ బట్టను విడిగా ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా గాలికి ఆరవేసి, ఆ తరువాతే మళ్లీ ఇస్త్రీ చేయాలి.