క్రీము విరిగినా, మండినా, పొడిపొడిగా రాలినా: ఎమల్సిఫైయర్ల వల్ల వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

మాయిశ్చరైజర్ అయినా, లోషను అయినా, సన్‌స్క్రీన్ అయినా సాధారణంగా నీళ్లూ నూనే ఒకే డబ్బాలో కలిసి ఉంటాయి. ఆ రెండూ విడిపోకుండా పట్టి ఉంచే పదార్థం ఎమల్సిఫైయర్. దాని అణువుకు ఒక కొస నీటికి, మరో కొస నూనెకు అంటుకుంటుంది. ఆ అణువులు నూనె చుక్కల చుట్టూ చేరి, అవి ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా అడ్డుకుంటాయి. లేబుల్ మీద గ్లిసరిల్ స్టియరేట్, పాలిసార్బేట్ 60, సెటియరెత్-20, సెటియరిల్ గ్లూకోసైడ్, లెసిథిన్ వంటి పేర్లు కనిపిస్తే అవి ఈ పని చేసేవే. క్రీము పడకపోతే చాలామంది ఈ పేర్లన్నింటినీ ఒకే గాటన కట్టేస్తారు. దానికంటే, ఏ లక్షణం కనిపిస్తోందో ముందు గమనించడం మేలు. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

మూత తీస్తే పైన నూనె తేలుతోంది, లేదా అంచున నీళ్లు ఊరాయి

ఇందులో రెండు స్థితులున్నాయి. పలచని లోషనులో పైభాగం కాస్త చిక్కబడి, సీసాను ఊపగానే మళ్లీ ఒకటైపోతే నూనె చుక్కలు ఇంకా విడివిడిగానే ఉన్నట్టు. దాన్ని వాడుకోవచ్చు. కానీ వేలితో తీసినప్పుడు ఒక వైపు జిడ్డుగా మెరిసే నూనె, మరో వైపు పలచని నీరు, మధ్యలో పలుకులు పలుకులుగా తెల్లని ముద్ద కనిపిస్తే క్రీము విరిగిందని అర్థం. చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాక ఎంత గిలకొట్టినా పాత స్థితి రాదు.

కారణాల్లో మొదటిది వేడి. ఎండలో నిలిపిన కారులోనో, కిటికీ గట్టు మీదో ఉంచిన డబ్బా త్వరగా విరుగుతుంది. గడ్డకట్టి మళ్లీ కరగడం, గడువు దాటడం కూడా అంతే. ఇంకో కారణం మనం చేతులారా చేసేది: క్రీములో విటమిన్ సి పొడి, సుగంధ తైలం, మరో సీరమ్ కలపడం. కార్బోమర్‌తో చిక్కబరచిన క్రీములో లవణాలో ఆమ్లమో చేరితే అది పలచబడి కూలిపోతుంది. ధనావేశం ఉన్న ఎమల్సిఫైయర్‌ను ఋణావేశం ఉన్నదానితో కలిపితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని పనికిరాకుండా పోతాయి.

పరిష్కారం ఒక్కటే, పారేయండి. డబ్బు పోయిందనిపిస్తుంది, నిజమే. అయితే సూక్ష్మజీవులను ఆపే ప్రిజర్వేటివ్ కూడా క్రీముతో పాటే చెదిరిపోతుంది. నూనెలోకి ఎక్కువగా చేరితే నీటి భాగానికి రక్షణ తగ్గుతుంది, సూక్ష్మజీవులు పెరిగేది ఆ నీటిలోనే. సన్‌స్క్రీన్ విషయంలో ఇది మరీ ముఖ్యం. విరిగిన సన్‌స్క్రీన్ చర్మం మీద సమంగా పరుచుకోదు, డబ్బా మీద రాసిన ఎస్‌పీఎఫ్ మీకు అందదు.

ఇంట్లో క్రీము తయారు చేసేవాళ్లకు విరగడం ఎక్కువగా మూడు చోట్ల ఎదురవుతుంది. నూనె భాగాన్నీ నీటి భాగాన్నీ వేర్వేరు వేడి మీద కలపడం, చెంచాతో మాత్రమే తిప్పడం, నూనెకు సరిపోని ఎమల్సిఫైయర్‌ను ఎంచుకోవడం. రెండు భాగాలనూ 70–75 డిగ్రీల సెల్సియస్‌కు తెచ్చి, బ్లెండర్‌తో కలిపి, చల్లారేదాకా తిప్పుతూ ఉండాలి. కొలతలు చెంచాలతో కాకుండా త్రాసుతో వేయండి. ఎంపికకు ఎమల్సిఫైయర్ నీటి వైపు ఎక్కువ మొగ్గుతుందా, నూనె వైపా అని చెప్పేందుకు 1949లో గ్రిఫిన్ ప్రతిపాదించిన హెచ్‌ఎల్‌బీ కొలమానం నేటికీ పనికొస్తుంది. విలువ 3 నుంచి 6 మధ్య ఉంటే నూనెలో నీటిని నిలపడానికి, 8 దాటితే నీటిలో నూనెను నిలపడానికి అనువైనది.

రాసుకోగానే మంట, బిగుతు, తరువాత పొట్టు

ఎమల్సిఫైయర్‌ను నిజంగా అనుమానించవలసిన చోటు ఇది. నూనెను నీటిలో కలిపే గుణం డబ్బాతో ఆగిపోదు, చర్మం పై పొరలోని సహజమైన కొవ్వులను కూడా కొంత కదిలిస్తుంది. ఎంత కదిలిస్తుందనేది రకాన్ని బట్టి ఉంటుంది. సోడియం లారిల్ సల్ఫేట్ బాగా కటువైనది. ప్రయోగశాలలో చర్మానికి కావాలని చిరాకు కలిగించి చూడాలంటే పరిశోధకులు ఎంచుకునే ప్రామాణిక పదార్థం అదే. ఎగ్జిమా ఉన్నవారికి ఏళ్ల తరబడి సూచించిన ఆక్వియస్ క్రీములోనూ అది ఉండేది. ముఖ్యంగా ఎగ్జిమా ఉన్న పిల్లల్లో ఆ క్రీము మంట, ఎరుపు తేవచ్చని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2013లో హెచ్చరించింది. కడిగేసుకునే ఫేస్‌వాష్‌లో క్షణాల పాటు ఉండే పదార్థం వేరు, గంటల తరబడి ఒంటి మీద ఉండే క్రీములో అదే పదార్థం వేరు. ఈ తేడాను పట్టించుకోని నిషేధ జాబితాలు పాఠకులకు మేలు చేయవు.

అయితే మంట వచ్చిన ప్రతిసారీ తప్పు ఎమల్సిఫైయర్‌దే కాదు. రెటినాల్, ఆమ్లాలు ఎక్కువగా వాడి చర్మం పై పొర దెబ్బతిన్నప్పుడు సౌమ్యమైన క్రీము కూడా చురుక్కుమంటుంది. అందుకే ముందు వాటిని ఆపండి. కొన్ని రోజుల పాటు పెట్రోలియం జెల్లీ వంటిది మాత్రమే రాయండి. అందులో నీళ్లు లేవు కాబట్టి ఎమల్సిఫైయర్ అవసరమే లేదు. చర్మం తేరుకున్నాక గ్లూకోసైడ్ రకం ఉన్నదో, హైడ్రోజనేటెడ్ లెసిథిన్ ఉన్నదో ఎంచుకోవచ్చు. మేకప్ తుడిచే మైసెల్లార్ వాటర్‌లోనూ ఇలాంటి పదార్థాలే ఉంటాయి కాబట్టి, అది వాడేవాళ్లు తుడిచి వదిలేయకుండా నీళ్లతో కడగాలి.

చర్మానికి ఏమీ కాలేదు, లేబుల్ మీద పీఈజీ చూసి భయం వేసింది

పీఈజీ (పాలిఇథిలీన్ గ్లైకాల్), పాలిసార్బేట్, సెటియరెత్ వంటివి ఇథిలీన్ ఆక్సైడ్‌తో తయారవుతాయి. ఆ ప్రక్రియలో 1,4-డయాక్సేన్ అనే మలినం ఏర్పడవచ్చు, దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించగల అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చారు. కాబట్టి ఈ భయానికి మూలం ఉంది. అయితే ఆ మలినాన్ని శూన్య పీడనంలో తొలగించవచ్చు. తుది ఉత్పత్తిలో 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10 భాగాలు) వరకు సురక్షితమని యూరోపియన్ యూనియన్ శాస్త్రీయ కమిటీ చెప్పింది. న్యూయార్క్ రాష్ట్రం 2022 చివరి నుంచి సౌందర్య సాధనాలకు అదే పరిమితిని చట్టం చేసింది. పేరు లేని డబ్బాలను వదిలి, నియమాలకు లోబడే తయారీదారులవి కొనడమే ఇక్కడ చేయగలిగింది. పీఈజీ అసలే వద్దనుకుంటే గ్లూకోసైడ్, ఆలివేట్ రకాలు ఉన్నాయి.

తెల్లని చారలు, పొడిపొడిగా రాలడం

రుద్దుతున్నా తెల్లదనం పోకపోతే సాధారణంగా సెటియరిల్ ఆల్కహాల్ వంటి మైనపు ఆల్కహాళ్లు ఎక్కువైనట్టు. ఇవి చర్మాన్ని ఎండబెట్టే ఆల్కహాల్ రకం కావు. తక్కువ తీసుకుని తడి ఆరకముందే రాయండి. తయారు చేసేవాళ్లు కొద్దిగా డైమెథికోన్ అనే సిలికోన్ కలిపితే తగ్గుతుంది. ముద్దలుగా రాలితే తప్పు ఎక్కువగా చిక్కబరచే పాలిమర్లది. ఒక పూత ఆరాక మరోటి వేయాలి.

నుదుటి మీద ఒకే పరిమాణంలో దురద పెట్టే చిన్న పొక్కులు

మామూలు మొటిమల మందుకు లొంగకపోతే మలసీజియా అనే శిలీంధ్రం కావచ్చు. కొవ్వు ఆమ్లాల మీద బతికే ఈ శిలీంధ్రాన్ని ప్రయోగశాలలో పాలిసార్బేట్ కలిపిన మాధ్యమంలో పెంచుతారు. అంతమాత్రాన క్రీములోని కొద్దిపాటి పాలిసార్బేట్ ముఖం మీద దాన్ని పెంచుతుందని తేలలేదు. జిడ్డు క్రీములు కొంతకాలం ఆపి చూడవచ్చు, కానీ దీన్ని తగ్గించేది శిలీంధ్ర నాశక మందే.

వాసన మారింది, బూజు మచ్చలు కనిపించాయి

పాలిసార్బేట్ 80 వంటివి పారాబెన్లు అనే ప్రిజర్వేటివ్‌లను తమలో బంధించి వాటి శక్తిని తగ్గిస్తాయి. సొంతంగా తయారు చేసేవాళ్లు పాలిసార్బేట్ ఎక్కువగా వాడుతూ పారాబెన్ మీదే ఆధారపడకూడదు. కొన్న క్రీము అయితే తడి వేళ్లు పెట్టడం మానండి. తెరిచాక ఎన్ని నెలలు వాడవచ్చో లేబుల్ మీద తెరిచిన డబ్బా బొమ్మలో రాసి ఉంటుంది, చూసుకోండి. బూజు పట్టిన భాగం తీసేసి మిగతాది వాడకూడదు.

చెమటకు సన్‌స్క్రీన్ కారిపోతోంది

గ్లాసు నీళ్లలో ఒక చుక్క వేసి కలపండి. నీళ్లు పాలలా తెల్లబడితే అది నీటిలో నూనె రకం, ముద్దగా తేలితే నూనెలో నీటి రకం. మొదటి రకం తడి తగలగానే మళ్లీ కరిగి జారిపోవచ్చు. ఈత, ఆటలు ఉన్న రోజుల్లో నీటిని తట్టుకుంటుందని నిమిషాలతో సహా లేబుల్ మీద రాసినది తీసుకుని, ఆ సమయం కాగానే మళ్లీ రాసుకోండి.

కొన్ని రోజులు వాడాక దురద, దద్దుర్లు

ఇది అలెర్జీ కావచ్చు. ఎమల్సిఫైయర్లలో గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్‌తో ఇది తెలిసిన విషయమే, సెటియరిల్ ఆల్కహాల్‌తో అరుదు. సువాసన, ప్రిజర్వేటివ్ వల్ల కావడానికే ఎక్కువ అవకాశం. కొత్త క్రీమును ముంజేతి లోపలి వైపు ఒకే చోట రోజుకు రెండుసార్లు, 7 నుంచి 10 రోజులు రాసి చూస్తే ముఖం మీదికి రాకముందే తెలుస్తుంది. పెదవులు, కనురెప్పలు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. దద్దుర్లు పదే పదే వస్తుంటే చర్మవైద్యులు వీపు మీద ప్యాచ్ టెస్ట్ చేస్తారు. పట్టీలను రెండు రోజులు ఉంచి, తీసినప్పుడు ఒకసారి, మరో ఒకటి రెండు రోజుల తరువాత ఇంకోసారి చూస్తారు. వెళ్లేటప్పుడు వాడుతున్న అన్ని డబ్బాలనూ లేబుళ్లతో సహా తీసుకెళ్లండి.