పోస్ట్‌మ్యాన్‌లో వస్తుంది, బ్రౌజర్‌లో రాదు: ఫుల్ స్టాక్ చిక్కులు, విప్పే దారులు

ఫుల్ స్టాక్ (బ్రౌజర్‌లో కనిపించే ఫ్రంటెండ్, వెనకుండే సర్వర్ రెండూ) నేర్చుకునేవాళ్ల నిద్ర పాడయ్యేది ఫ్రంటెండ్‌లోని రియాక్ట్ వల్లో సర్వర్‌లోని నోడ్ వల్లో కాదు, ఎక్కువసార్లు ఆ రెంటి మధ్య సందులో. తప్పు ఒకచోట ఉంటుంది, ఎర్ర అక్షరాలు ఇంకోచోట కనిపిస్తాయి. అందుకే కోడ్ ముట్టుకునే ముందు ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. రిక్వెస్ట్ అసలు బయల్దేరిందా, సర్వర్ దాకా వెళ్లిందా, ఏ స్టేటస్‌తో తిరిగొచ్చింది? ఇవి చూశాకే మిగతావి.

సమస్య: పోస్ట్‌మ్యాన్‌లో (సర్వర్‌కి రిక్వెస్టులు పంపి చూసే యాప్) డేటా వస్తోంది, బ్రౌజర్‌లో కార్స్ ఎర్రర్

కారణం: కార్స్ (CORS) అంటే ఒక ఆరిజిన్‌లోని పేజీ ఇంకో ఆరిజిన్ డేటా తీసుకోవడానికి ఉన్న నియమం. ప్రోటోకాల్, హోస్ట్, పోర్ట్ మూడూ ఒకటైతేనే బ్రౌజర్ లెక్కలో ఒకే ఆరిజిన్. వీట్ (ఫ్రంటెండ్ నడిపే టూల్) 5173 పోర్ట్‌లో, ఎక్స్‌ప్రెస్ (నోడ్ సర్వర్ ఫ్రేమ్‌వర్క్) 3000లో నడుస్తుంటే, రెండూ మీ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నా ఒకదానికొకటి పరాయివే. సర్వర్ జవాబిచ్చినా, అందులో అనుమతి హెడర్ లేకపోతే బ్రౌజర్ దాన్ని మీ జావాస్క్రిప్ట్ చేతికి ఇవ్వదు. జేసన్ (JSON) రూపంలో డేటా పంపే పోస్ట్ రిక్వెస్ట్‌కైతే ముందు ఆప్షన్స్ రిక్వెస్ట్ వెళ్లి అనుమతి అడుగుతుంది. అది దొరక్కపోతే అసలుది గడప దాటదు. పోస్ట్‌మ్యాన్‌కి ఈ పట్టింపులేవీ లేవు.

పరిష్కారం: సర్వర్‌లో కార్స్ మిడిల్‌వేర్ (రిక్వెస్ట్ రౌట్‌కి చేరేలోపు నడిచే కోడ్) పెట్టి, మీ ఫ్రంటెండ్ చిరునామా ఒక్కటే ఇవ్వండి. డెవలప్‌మెంట్ వరకే అయితే వీట్ ప్రాక్సీ (రిక్వెస్టుల్ని మధ్యలో అందుకుని సర్వర్‌కి దాటించేది) చాలు. చిరునామా బదులు నక్షత్రం గుర్తు పెడితే ఈరోజుకి గడుస్తుంది కానీ, కుకీలు పంపాల్సి వచ్చిన రోజు బ్రౌజర్ ఆ నక్షత్రాన్ని ఒప్పుకోదు. ఎక్స్‌టెన్షన్‌తో కార్స్ ఆపేయడం మాత్రం వద్దు. మీ యూజర్ల చేత అది వేయించలేరు కదా!

ఇక్కడే ఒక మెలిక ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నా కార్స్ ఎర్రరే వస్తుంటే సర్వర్ టెర్మినల్ చూడండి. నేనొకసారి పూటంతా హెడర్లు మార్చాను. తీరా చూస్తే డేటాబేస్ పాస్‌వర్డ్ తప్పై సర్వర్ పడిపోయి ఉంది. ముందున్న ప్రాక్సీ ఇచ్చిన 502 (వెనకున్న సర్వర్ అందట్లేదు) పేజీలో కార్స్ హెడర్ ఎక్కడిది? బ్రౌజర్ అదొక్కటే చెప్పింది.

సమస్య: పుట్టిన తేదీ 15 ఇస్తే 14 సేవ్ అవుతోంది

కారణం: చాలా డేట్ పిక్కర్లు ఇచ్చేది మన టైమ్‌లో 15వ తేదీ అర్ధరాత్రి. జేసన్‌గా మారేటప్పుడు అది యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) వెళ్తుంది. అయిదున్నర గంటలు తీసేస్తే 14వ తేదీ 18:30. మొదటి పది అక్షరాలు కత్తిరించి దాచుకుంటే మిగిలేది 14. తమాషా ఏమిటంటే, ఇదే ఫారం డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్య నింపితే 15 సరిగ్గానే పడుతుంది. కానీ ఆ పది అక్షరాల్ని మళ్లీ డేట్‌గా మార్చి చూపిస్తే, యూటీసీ అర్ధరాత్రి అనుకుని ఆయనకు 14 చూపిస్తుంది. ఇక్కడ మనకు బాగానే ఉంటుంది.

పరిష్కారం: పుట్టిన తేదీ క్షణం కాదు, క్యాలెండర్‌లో ఒక గడి. సంవత్సరం-నెల-రోజు స్ట్రింగ్‌గానే పంపి, డేట్ కాలమ్‌లో పెట్టి, స్ట్రింగ్‌గానే చూపించండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో ఇంకో జాగ్రత్త: నోడ్ డ్రైవర్ ఆ కాలమ్‌ని మళ్లీ డేట్ ఆబ్జెక్ట్‌గా మార్చి ఇస్తుంది, కథ మొదటికొస్తుంది. టైప్ పార్సర్ మార్చి స్ట్రింగ్‌గా తీసుకోండి. ఆర్డర్ పెట్టిన సమయంలాంటివి మాత్రం యూటీసీలోనే దాచి, చూపించేటప్పుడు మార్చాలి.

సమస్య: తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలవుతున్నాయి

పాత మైఎస్‌క్యూఎల్ టేబుల్, లేదా కనెక్షన్, లాటిన్1లో (తెలుగు అక్షరాలు పట్టని పాత ఎన్‌కోడింగ్) ఉంది. రెండింటినీ యూటీఎఫ్8ఎంబీ4కి మార్చండి. ఉత్త యూటీఎఫ్8 అని పెడితే తెలుగు పడుతుంది, ఎందుకంటే మన అక్షరాల కోడ్‌పాయింట్లకు తలా మూడు బైట్లు చాలు. నాలుగు బైట్ల ఎమోజీ దగ్గర మళ్లీ ఇరుక్కుంటారు. ఇప్పటికే ప్రశ్నార్థకాలుగా పడిపోయినవి తిరిగి రావు.

చిన్నవి కొన్ని

ఎక్స్‌ప్రెస్‌లో రిక్వెస్ట్ బాడీ అన్‌డిఫైన్డ్ అంటే, జేసన్ మిడిల్‌వేర్ మర్చిపోయారు, లేదా రౌట్ల కింద పెట్టారు. పైకి జరపండి.

రియాక్ట్‌లో యూజ్‌ఎఫెక్ట్ పేజీ తెరవగానే రెండుసార్లు నడిస్తే అది స్ట్రిక్ట్ మోడ్, డెవలప్‌మెంట్‌లోనే అలా. ఆగకుండా నడుస్తుంటే డిపెండెన్సీలో ప్రతి రెండర్‌కీ కొత్తగా పుట్టే ఆబ్జెక్ట్ ఉందేమో చూడండి.

విండోస్‌లో నడిచి, లినక్స్ సర్వర్‌లో ఫైల్ దొరకలేదంటే, ఫైల్ పేరులో పెద్ద, చిన్న అక్షరాల తేడా. హోమ్ పేజీ బాగుండి, లోపలి పేజీ రిఫ్రెష్ చేస్తే 404 వస్తే, తెలియని దారులన్నిటికీ ఇండెక్స్ ఫైల్ ఇవ్వమని సర్వర్‌కి చెప్పలేదు.

సమస్య: ఏపీఐ కీని ఎవరో వాడేస్తున్నారు

పేరు ముందు వీట్ (VITE_) అని తగిలించి ఎన్వ్ (సెట్టింగుల) ఫైల్లో పెట్టి ఫ్రంటెండ్ కోడ్‌లో వాడినదేదైనా బిల్డ్‌లో కలిసిపోయి అందరికీ కనిపిస్తుంది. రహస్యం సర్వర్‌లోనే ఉండాలి. గిట్‌లోకి (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) వెళ్లిపోయిన కీ అయితే, ఫైల్ తీసేసి కొత్త కమిట్ చేసినా హిస్టరీలో అలాగే ఉంటుంది. ముందు ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోండి. హిస్టరీ కడగడం తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.